సంతకం కోశాధికారిది, పెత్తనం అధినేతది

2019 ఏప్రిల్ 3న పట్నాలోని జనతాదళ్ (యునైటెడ్) కార్యాలయానికి ఎవరో వచ్చి, సీలు వేసిన కవరొకటి ఇచ్చి వెళ్లారు. విప్పి చూస్తే కోటి రూపాయల చొప్పున పది ఎన్నికల బాండ్లు, అంటే స్టేట్ బ్యాంకులో కొని, పేరు బయటపడకుండా పార్టీకి విరాళంగా ఇచ్చే పత్రాలు. ఇచ్చిందెవరో తమకు తెలియదనీ, తెలుసుకునే ప్రయత్నమూ చేయలేదనీ, స్టేట్ బ్యాంకులో ఖాతా తెరిచి ఏప్రిల్ 10న ఆ పది కోట్లు జమ చేసుకున్నామనీ ఆ పార్టీయే ఎన్నికల సంఘానికి రాసి ఇచ్చింది. 2024 మార్చిలో సంఘం ఆ లేఖలను బయటపెట్టినప్పుడు దాన్ని చదివి నవ్వుకున్నవారే ఎక్కువ. కానీ అప్పటి చట్టం ప్రకారం అందులో తప్పేమీ లేదు. బాండ్లు ఎవరిచ్చారో చెప్పనక్కర్లేదని 2017లో పార్లమెంటే చట్టాన్ని సవరించి పెట్టింది.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ పథకాన్ని కొట్టివేసిన తర్వాత ఎవరెవరు ఎంత ఇచ్చారో, ఏ పార్టీకి ఎంత ముట్టిందో లోకానికి తెలిసింది. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే భారతీయ జనతా పార్టీకి ఆరు వేల కోట్లకు పైగా వచ్చాయి. మన దగ్గర భారత్ రాష్ట్ర సమితికి 1,200 కోట్లు దాటాయి, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 330 కోట్లు, తెలుగుదేశానికి 210 కోట్లు మించాయి. అంకెల మీద చర్చ చాలా జరిగింది. ఈ డబ్బుకు పార్టీలో జవాబుదారీ ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఆ హడావుడిలో పక్కకు పోయింది.

చట్టాన్నడిగితే కోశాధికారి అంటుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 2003లో చేర్చిన 29సి సెక్షన్ ప్రకారం, ఇరవై వేల రూపాయలు మించిన ప్రతి విరాళం వివరాలతో ఏటా ఎన్నికల సంఘానికి నివేదిక ఇవ్వాల్సింది కోశాధికారి, లేదా పార్టీ అధీకృతం చేసిన మరో వ్యక్తి. దానికి ఫారం 24ఏ అనే నమూనా ఉంది. దాత పేరు, చిరునామా, పాన్ నంబరు, ఎంత ఇచ్చారు, ఎలా ఇచ్చారు అన్నవి నింపి కింద కోశాధికారి సంతకం పెడితే సరిపోతుంది. ఆదాయపు పన్ను రిటర్నుపై సంతకం చేయాల్సింది పార్టీ ప్రధాన కార్యనిర్వహణాధికారి. ఆయన్ను కార్యదర్శి అన్నా మరో పేరుతో పిలిచినా చట్టానికి అభ్యంతరం లేదు. రెండు చోట్లా పార్టీ అధ్యక్షుడి సంతకం ఉండి తీరాలన్న నిబంధన లేదు.

ఇక ఆ కోశాధికారి ఎవరు? కాంగ్రెస్‌లోనైనా, భాజపాలోనైనా ఆయన అధ్యక్షుడు నియమించే మనిషే. ప్రాంతీయ పార్టీల్లో అధినేతకు నమ్మినబంటు. నియమించినవారిని లెక్క అడిగే స్తోమత ఆయనకు ఉండదు, లెక్క తప్పితే బాధ్యత మాత్రం కాగితం మీద ఆయనదే. ఏ నియోజకవర్గంలో ఎవరికి బీ-ఫారం ఇవ్వాలో నామినేషన్ల చివరి గంట వరకూ గుప్పిట్లో పెట్టుకునే అధినేతలు, పార్టీ ఖాతాలోకి వచ్చిపడిన కోట్ల సంగతి తమకు తెలియదంటే నమ్మడం కష్టం. అయినా ఆ మాట అనే వెసులుబాటును చట్టమే వారికి ఇచ్చింది.

శిక్ష సంగతి మరీ విచిత్రం. 29సి నివేదిక ఇవ్వకపోతే పార్టీకి పోయేది పన్ను మినహాయింపు మాత్రమే. అది పోయినప్పుడు ఏమవుతుందో కాంగ్రెస్ ఉదంతం చూపింది. 2018-19 మదింపు సంవత్సరానికి ఆ పార్టీ 2018 డిసెంబర్ 31లోగా వేయాల్సిన రిటర్నును 2019 ఫిబ్రవరి 2న వేసింది. ఒక్కొక్కరి నుంచి రెండు వేలకు మించి నగదు తీసుకోరాదన్న షరతును దాటి 14.49 లక్షలు స్వీకరించినట్టు అధికారులు తేల్చారు. ఫలితంగా దాదాపు 199 కోట్ల ఆదాయంపై మినహాయింపు రద్దయింది. సరిగ్గా లోక్‌సభ ఎన్నికల ముంగిట పార్టీ ఖాతాలపై శాఖ చర్యలు తీసుకోవడం కక్షసాధింపేనన్న విమర్శకు తావిచ్చింది, ఆ అనుమానం నిరాధారమని నేననను. అయితే 2025 జూలైలో అప్పీలు ట్రిబ్యునల్ కూడా మినహాయింపు రద్దును సమర్థించింది. గడువు తేదీని గాలికి వదిలేసింది ఎవరు, వారిపై పార్టీ ఏ చర్య తీసుకుంది అన్నది మాత్రం ఇప్పటికీ బయటి ప్రపంచానికి తెలియదు. దెబ్బ తగిలింది చందాలిచ్చిన కార్యకర్తల సొమ్ముకు.

నివేదిక ఇచ్చినంత మాత్రాన వివరం తెలుస్తుందనీ లేదు. బహుజన సమాజ్ పార్టీ ఏళ్ల తరబడి ఇరవై వేలు మించిన విరాళం ఒక్కటీ రాలేదనే చెబుతోంది. 2016-17లో ఆ పార్టీ ఆదాయం 170 కోట్లు దాటింది. చిన్న చందాలతో అంత మొత్తం కూడదని ఎవరూ రుజువు చేయలేరు, కూడిందని పార్టీ రుజువు చేయాల్సిన పనీ లేదు.

పార్టీ అధ్యక్షుడెవరూ శిక్ష అనుభవించలేదా అంటే, ఒకరున్నారు. హైదరాబాద్‌కు చెందిన బంగారు లక్ష్మణ్. 2001లో తెహల్కా అనే వార్తా సంస్థ రహస్య కెమెరా ముందు లక్ష రూపాయలు తీసుకుంటూ దొరికి భాజపా అధ్యక్ష పదవి వదులుకున్నారు. అది పార్టీ నిధికి వచ్చిన సొమ్మన్న వివరణ నిలవలేదు. 2012లో సీబీఐ కోర్టు నాలుగేళ్ల జైలు విధించింది. ఆయన్ను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. లక్ష రూపాయలకు అధ్యక్షుడు వ్యక్తిగతంగా దోషి కాగలిగాడంటే అది అవినీతి నిరోధక చట్టం వల్ల, కెమెరా వల్ల. పార్టీల జమాఖర్చుల చట్టం వల్ల కానే కాదు.

పైపెచ్చు, దొరికినప్పుడు చట్టాన్నే మార్చుకునే సౌకర్యం పార్టీలకుంది. బ్రిటన్‌లో నమోదైన వేదాంత సంస్థకు చెందిన కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని భాజపా, కాంగ్రెస్ రెండూ విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చిలో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. 2016 ఆర్థిక చట్టం ‘విదేశీ వనరు’ నిర్వచనాన్ని 2010 నుంచి వర్తించేలా సడలించింది. అది చాలక 2018 ఆర్థిక చట్టం ఆ సడలింపును, తొలి విదేశీ విరాళాల చట్టం అమల్లోకి వచ్చిన 1976 ఆగస్టు 5 దాకా వెనక్కి జరిపింది. ఏ విషయంలోనూ పొసగని రెండు పక్షాలకు ఒకేసారి ఊరట దక్కిన ఈ సవరణ, లోక్‌సభలో ఆర్థిక బిల్లుతో పాటు చర్చ లేకుండానే గట్టెక్కింది.

జర్మనీలోనూ నాయకులు తక్కువేమీ కాదు. దేశాన్ని ఏకం చేసిన మాజీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్, లెక్కల్లో చూపని విరాళాలు తీసుకున్నట్టు 1999లో ఒప్పుకున్నారు. దాతలకు మాట ఇచ్చానంటూ పేర్లు చెప్పడానికి చివరిదాకా నిరాకరించారు. అక్కడ జరిగినదేమిటంటే, 2000 జనవరిలో ఆయన పార్టీ గౌరవాధ్యక్ష పదవి పోయింది. నెల తిరగకుండా ఆయన వారసుడు షోయబ్లే అధ్యక్ష స్థానం నుంచి తప్పుకుంటానని ప్రకటించారు. నేర విచారణ ముగింపునకు కోల్ మూడు లక్షల మార్కులు కట్టారు. 2002లో పార్టీల చట్టాన్ని సవరించి, లెక్కలు దాచినవారికి మూడేళ్ల వరకు జైలు పడే నిబంధన చేర్చారు. పార్టీ వార్షిక లెక్కల మీద అక్కడ ఆర్థిక బాధ్యుడితో పాటు అధ్యక్షుడూ సంతకం చేయాలి. మన కంపెనీల బ్యాలెన్స్ షీటు మీద డైరెక్టర్ల సంతకాలు తప్పనిసరి చేసిన పార్లమెంటుకు ఈ సూత్రం కొత్తదేమీ కాదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. అధ్యక్షుణ్ని నేరుగా బాధ్యుణ్ని చేస్తే అధికారంలో ఉన్నవారికి ప్రతిపక్ష నేతలను జైల్లో పెట్టే మరో ఆయుధం దొరుకుతుందని. 2024 మేలో ఢిల్లీ మద్యం విధానం కేసులో ఈడీ, కంపెనీల కోసం ఉద్దేశించిన మనీలాండరింగ్ చట్టం 70వ సెక్షన్‌ను అన్వయించి, ఆమ్ ఆద్మీ పార్టీనే నిందితుల జాబితాలో చేర్చింది. ఆ ఆరోపణల నిజానిజాల జోలికి వెళ్లకుండానే చెప్పవచ్చు, ఆ భయం ఊహాజనితం కాదు. అందుకే ఈ పని ఈడీకో, ఆదాయపు పన్ను శాఖకో అప్పగించరాదు. పార్టీ లెక్కలను తనిఖీ చేసే ఆడిటర్లను ఎన్నికల సంఘమే ఒక జాబితా నుంచి కేటాయించి, తప్పు తేలితే హైకోర్టు ముందు పెట్టాలి. ఎన్నికల కమిషనర్ల నియామకంలోనే ప్రభుత్వానిది పైచేయి కదా అంటే, నిజమే. 2023 చట్టంలో ఆ లోపం ఉంది, దాన్నీ సరిచేయక తప్పదు.

అందాకా పార్టీలు ఆగనక్కర్లేదు. కోశాధికారిని అధ్యక్షుడు కాక ప్లీనరీ ఎన్నుకోవాలనీ, ఆడిటరు నివేదికను అక్కడే సభ్యుల ముందు ఉంచాలనీ సొంత నియమావళిలో రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డుకాదు. జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ ఇచ్చిన ఉత్తర్వును భాజపా, కాంగ్రెస్, వామపక్షాలన్న తేడా లేకుండా అందరూ పక్కన పెట్టారు. ఆ ఉత్తర్వు ఇప్పటికీ అమలు కాలేదు.