బుగ్గ ఉబ్బిస్తే ముద్దు, నోరు తెరిస్తే తప్పు

జపాన్ టీవీ షోల్లో పెద్దవాళ్ళు ఏదైనా అడిగితే చిన్నవాళ్ళు కెయిగోలో, అంటే గౌరవ భాషలో జవాబివ్వాలి. మన దగ్గర పెద్దాయన్ని పట్టుకుని "నువ్వు" అంటే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో అక్కడా అంతే. అక్కడి మోడల్, టీవీ తార రోలా ఈ లెక్కలేవీ పెట్టుకోలేదు, వయసులో ఎంత పెద్దవాళ్ళతో అయినా క్లాస్‌మేట్‌తో కబుర్లు చెప్పినట్టే మాట్లాడేసేది. ఒక బుగ్గ ఉబ్బించి, వేళ్ళతో సున్నా చుట్టి చెంపకి ఆనించి "ఓకే!" అనేది, అంతే, స్టూడియో అంతా నవ్వులే.

1990లో టోక్యోలో పుట్టింది, నాన్నది బంగ్లాదేశ్, అమ్మది జపాన్, అమ్మ వైపు రష్యన్ రక్తం కూడా ఉంది. చిన్నప్పుడు కొన్నాళ్ళు బంగ్లాదేశ్‌లో ఉంది. హైస్కూల్ రోజుల్లో టోక్యోలోని షిబుయాలో ఎవరో చూసి పిలిస్తే మోడల్ అయింది, అక్కణ్ణుంచి టీవీ, యాడ్స్. ఇలాంటి పిల్లల్ని జపాన్‌లో "హాఫు" అంటారు, అంటే సగం. నాకు ఆ మాటే గుచ్చుకుంటుంది. ఆమె మర్యాద తప్పినా ఎవరూ తిట్టలేదంటే, నా ఉద్దేశంలో అది ప్రేమ కాదు, "పోన్లే, మనమ్మాయి కాదుగా" అన్న సడలింపు.

2018 డిసెంబర్‌లో అది తేలిపోయింది. ఒకినావాలోని హెనోకో దగ్గర అమెరికా సైనిక స్థావరం కోసం పగడాల సముద్రంలో మట్టి పోసి పూడ్చడం మొదలెట్టారు. అది ఆపమని వైట్‌హౌస్‌కి పెట్టిన పిటిషన్ మీద సంతకం చేయండని రోలా ఇన్‌స్టాగ్రామ్‌లో అడిగింది. అంతే, రాజకీయాలు నీకెందుకు, ఇక యాడ్స్ రావు అని మొదలెట్టారు. టోక్యోలో పుట్టిన మనిషి తన దేశపు సముద్రం గురించి మాట్లాడితే ఇంత కోపమా?

ఆమె ఒక్కతే కాదు. 2015లో మిస్ యూనివర్స్ జపాన్ అయిన అరియానా మియామోటో నాన్న ఆఫ్రికన్ అమెరికన్, 2016లో మిస్ వరల్డ్ జపాన్ అయిన ప్రియాంకా యోషికావా నాన్న మన దేశం బెంగాలీ. ఇద్దరినీ "వీళ్ళు జపనీయులేంటి" అన్నారు. తనలాంటి హాఫు ఫ్రెండ్ ఒకరు ఆత్మహత్య చేసుకున్నందుకే పోటీకి దిగానని అరియానా చెప్పింది, అది చదివాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

2016లోనే రోలా హాలీవుడ్ సినిమా సిరీస్ రెసిడెంట్ ఈవిల్ ఆఖరి భాగంలో నటించింది. చిన్న పాత్రే, కానీ అందులో బుగ్గ ఉబ్బించదు, ఒక ఫైటర్‌గా కనిపిస్తుంది. తర్వాత మకాం లాస్ ఏంజెలెస్‌కి మార్చింది.