మహారాజశ్రీ ప్రాక్టికల్ రికార్డు గారికి

మహారాజశ్రీ ఫిజిక్స్ ప్రాక్టికల్ రికార్డు గారి సముఖానికి,

విశాఖపట్నం నుంచి ఒక జూనియర్ లెక్చరర్ నమస్కరించి రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. బ్రౌన్ అట్ట వేయించుకుని, తెల్ల లేబులు అంటించుకుని తమరూ క్షేమంగానే ఉంటారని తెలుసు. ఎవరైనా తెరిచి చదివితే కదా తమరు నలిగేది.

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే ఊళ్లో మీ సీజన్ మొదలు. ద్వారకానగర్‌లో పిల్లలు మీకోసం షాపుల ముందు గుంపులు కడతారు. భీమిలి బస్సులో సీటు దొరికిన పిల్ల ఒళ్లో బ్యాగు పెట్టుకుని, బ్యాగు మీద మిమ్మల్ని పరుచుకుని, అంత కుదుపులోనూ గీత వంకర పోకుండా లోలకం బొమ్మ వేస్తుంది. మద్దిలపాలెంలో ఎయిమ్ మొదలెడితే ఎండాడకి ప్రొసీజర్, రుషికొండ వచ్చేసరికి రిజల్టు. ప్రయోగం మాత్రం ఏ స్టాపులోనూ బస్సెక్కదు.

మీరు వంశపారంపర్యపు ఆస్తి కూడాను. అక్క రికార్డు తమ్ముడికి, తమ్ముడిది పక్కింటి వాళ్ల అబ్బాయికి. ఎప్పుడో ఏ మహానుభావుడో మీలో గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలని రాశాడు. అప్పటినుంచి మా ల్యాబ్‌లో వాతావరణం మారలేదు. పొద్దున్న ఎనిమిదింటి బ్యాచ్‌కీ 30, మధ్యాహ్నం చెమటలు కక్కే బ్యాచ్‌కీ 30. ఏసీ షోరూముల్లో కూడా ఇంత నిలకడ ఉండదు. జాగ్రత్తల కింద 'ఫ్యాన్లు ఆపవలెను' అని కూడా ప్రతి ఒక్కరూ రాస్తారు. మా ల్యాబ్‌లో ఫ్యాన్లు తిరగవు. ఆ ఒక్క జాగ్రత్త మాత్రం నిజాయితీగా పాటిస్తున్నాం.

ఇవన్నీ చిల్లర సంగతులు. అసలు నా గొడవ మీ పేజీల్లోని 980 గురించి.

లోలకం ప్రయోగం మీకు తెలియనిది కాదు. దారానికి గుండు కట్టి ఊపాలి, ఇరవై ఊపులకు (పోయి వస్తే ఒక ఊపు) ఎంతసేపు పట్టిందో చూసుకోవాలి, అందులోంచి భూమి గురుత్వ త్వరణం, అంటే g, లెక్కగట్టాలి. పుస్తకంలో దాని విలువ సెకను వర్గానికి 980 సెంటీమీటర్లు. మీటరు దారమైతే ఇరవై ఊపులకు సుమారు 40 సెకన్లు పడుతుంది. స్టాప్‌క్లాక్ నొక్కడంలో అర సెకను అటూ ఇటూ అయిందంటే g విలువలో 24 దాకా తేడా వచ్చేస్తుంది. మా క్లాకులు మరి సముద్రపు గాలి తిన్నవి. ఒక్కోటి నొక్కితే కదలదు, కదిలితే ఆగదు. వాటితో చేస్తే క్లాసులో ఒకడికి 955, ఇంకొకడికి 1001 రావాలి. మీలో చూస్తే అందరికీ 980. ఎక్కువమంది 980.0. ఒకరిద్దరు గడుసువాళ్లు అనుమానం రాకుండా 979.8 అని వేస్తారు. వాళ్లకి మంచి భవిష్యత్తు ఉందని నా నమ్మకం.

ఒక ఫిబ్రవరిలో జాలారిపేట నుంచి వచ్చే ఓ పిల్ల పరీక్షలో 1082 వేసింది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా బయటినుంచి వచ్చిన పెద్దమనిషి కళ్లజోడు పైకి నెట్టి, "ఇది భూమ్మీద చేశావా, బృహస్పతి మీద చేశావా?" అన్నారు. (బృహస్పతి మీదయితే 2,480 దాకా వస్తుంది. పాపం, ఆ గ్రహం సీనియర్ల రికార్డు ఆయనకి దొరికినట్టు లేదు.)

"స్టాప్‌క్లాక్ నొక్కీసి ఒకటి, రెండు అని ఇరవై దాకా లెక్కెట్టానండి" అంది పిల్ల.

వెనకనుంచి మా అటెండరు మెల్లిగా అందుకున్నాడు. "తొమ్మిదొందల ఎనభై రాసీయమ్మా, గొడవొగ్గీ."

పెద్దమనిషి ఆ శ్రమ కూడా ఆమెకి ఇవ్వలేదు. ఎర్ర పెన్నుతో 1082 కొట్టేసి పక్కన తానే 980 వేసి, తర్వాతి టేబుల్ దగ్గరికి వెళ్లిపోయారు.

రికార్డు గారూ, ఆ పిల్ల చెప్పిన వాక్యంలోనే మొత్తం ఫిజిక్సు ఉంది. క్లాక్ నొక్కుతూ 'ఒకటి' అన్నప్పటికి గుండు ఒక్క ఊపు కూడా పూర్తి చేయలేదు. 'ఇరవై' అని ఆపేసరికి అయినవి పందొమ్మిదే. పందొమ్మిది ఊపుల కాలాన్ని ఇరవైతో భాగిస్తే ఒక్కో ఊపుకి కాలం తగ్గిపోతుంది. సూత్రంలో ఆ కాలం కింద ఉంది, అదీ వర్గంలో. అందుకని g పెరిగి 1084 దరిదాపుల్లో తేలాలి. ఆమెకి 1082 వచ్చింది. మా క్లాకులతో ఇంతకన్నా శుభ్రంగా ఎవరూ చేయలేరు. ఆ రోజు ల్యాబ్‌లో గుండు నిజంగా ఊపింది ఆ పిల్లేనని నేను పందెం కాస్తాను. "సున్నా నుంచి మొదలుపెట్టమ్మా" అని ఒక్క మాట చెబితే ఆ తప్పు ఆమె జన్మలో మళ్లీ చేయదు. అలాగే, తొమ్మిది వందల అరవైల్లో ఆగిపోయే పిల్లాణ్ని పట్టుకుని, దారం పొడవు గుండు మధ్య దాకా కొలిచావా, గుండు మీదున్న కొక్కెం దగ్గరే ఆపేశావా అని అడగొచ్చు. గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరు వదిలేస్తే g దాదాపు 10 పడిపోతుంది మరి. తప్పు అంకె దగ్గర అడగడానికి ఇన్ని ప్రశ్నలున్నాయి. 980 వేసినవాణ్ని ఏమని అడగాలి? చేతిరాత బాగుందని మెచ్చుకోవాలి, అంతే.

ఇంకో సంగతి మీకు చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. గుండె దిటవు చేసుకోండి. విశాఖపట్నంలో g విలువ 980 కాదు.

1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ సభవాళ్లు 980.665ని ప్రామాణిక విలువగా ఖాయం చేశారు. అది ఇంచుమించు 45 డిగ్రీల అక్షాంశం దగ్గర, సముద్ర మట్టంలో ఉండే విలువ. మన ఊరు 17.7 డిగ్రీల దగ్గర, భూమధ్యరేఖకు ఇంకా చేరువలో ఉంది. భూమి అక్కడ కాస్త ఉబ్బి ఉంటుంది, తిరిగే వేగమూ ఎక్కువ. అందుకని లాగే బలం ఆ మేరకు తక్కువ. ఆర్కే బీచ్‌లో నిలబడినవాడికి g సుమారు 978.5. మా పాత క్లాకులకి ఆ ఒకటిన్నర తేడా దొరకదనుకోండి. కానీ తమరు దశాంశం తర్వాత సున్నా కూడా వదలకుండా 980.0 అని వేయించుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాను. ఇన్నేళ్లుగా ఈ ఊరి పిల్లలు ఎక్కడో యూరప్ గురుత్వాకర్షణను మీలో అప్పగిస్తూ వస్తున్నారు.

మీ బంధువర్గం కూడా నాకు బాగా పరిచయం. మా ఆవిడ బడిలో టీచరు. బీఈడీ చేస్తున్నప్పుడు పాఠ్యపథకాల రికార్డులు రాత్రి పన్నెండు దాకా రాసేది. అందులో ఒక గడి ఉంటుంది, విద్యార్థుల ప్రతిస్పందన అని. రేపటి పాఠానికి ఇవాళ రాత్రే "విద్యార్థులు ఉత్సాహంగా సమాధానాలు చెప్పారు" అని నింపాలి. ఆ పిల్లలు అప్పటికి ఇంట్లో నిద్రపోతూ ఉంటారు. డిగ్రీ కాలేజీలకి న్యాక్ వాళ్లు, అంటే కాలేజీల నాణ్యత తేల్చేవాళ్లు, వస్తున్నారంటే చాలు, మీ పెద్దన్నయ్యలు ఫైళ్లుగా అవతారమెత్తుతారు. క్రైటీరియాకో బీరువా, జరగని మీటింగులకి మినిట్స్, మినిట్స్ కింద వచ్చినవాళ్ల, రానివాళ్ల సంతకాలు. అందరూ చిన్నప్పుడు తమరి దగ్గర చదువుకున్నవాళ్లే కదా, చెయ్యి తిరిగింది.

ఇది సి.వి. రామన్ చదువుకున్న ఊరండి. 1892లో వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్సు చెప్పడానికి ఇక్కడికి వచ్చారు. పిల్లవాడు సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి పదకొండో ఏట మెట్రిక్ పాసయ్యాడు. ఆయన 1928 ఫిబ్రవరి 28న తన కాంతి ఫలితాన్ని ప్రకటించాడని ఆ తేదీన దేశమంతా సైన్సు దినం చేస్తుంది. అప్పటికి మా ప్రాక్టికల్స్ అయిపోయి ల్యాబ్‌కి తాళం పడి ఉంటుంది. వరండాలో వక్తృత్వ పోటీ పెడతాం. బాగా బట్టీ పట్టినవాడికి మొదటి బహుమతి.

పిల్లలకి నేను చెప్పే సలహా మీ చెవిన పడే ఉంటుంది. ముందు రఫ్ నోట్స్‌లో పెన్నుతో రాయండి, రబ్బరు ఇంట్లో వదిలి రండి. ఏ అంకె వస్తే ఆ అంకె వేయండి. సీనియర్ రికార్డు మీ ప్రయోగం అయ్యాకే తెరవండి, తేడా ఎందుకొచ్చిందో అప్పుడు వెతుక్కోవచ్చు. వాళ్లు బుద్ధిగా తల ఊపుతారు. తర్వాత ఒకడు లేచి, "సార్, ఎక్స్‌టర్నల్ మార్కులు కట్ చేస్తే?" అంటాడు. 30 మార్కులు ఉన్నాయి, ఇంట్లో అమ్మానాన్నలు ఉన్నారు, వాడి భయం వాడిది. నేను ఇంటర్నల్‌గా పక్కన నిలబడతాను అంటాను. నమ్మినట్టు కనబడడు.

అందుకే పిల్లల్ని వదిలేసి మిమ్మల్నే అడుగుతున్నాను. ప్రతి ప్రయోగం చివర రిజల్టు కింద ఒక్క అరపేజీ ఖాళీ ఇప్పించండి. దానికి 'లెక్క ఎందుకు తప్పింది' అని శీర్షిక పెట్టించండి. రిజల్టుకి రెండు మార్కులుంటే ఆ అరపేజీకి నాలుగు పెట్టించండి. స్టాఫ్ రూంలో ఈ మాటంటే మా కెమిస్ట్రీ మేడం, "అప్పుడు సీనియర్ల తప్పులు కూడా కాపీ కొడతారండీ" అన్నారు. ఆవిడ అన్నది నిజమే. అయినా పది రకాల తప్పులు కాపీ కొట్టాలంటే కనీసం ఎవరిది నమ్మేలా ఉందో చూసుకోవాలి కదా, ఆ మాత్రం ఫిజిక్సు వచ్చినా చాలు.

కాస్త తొందరగా నిర్ణయం తీసుకోండి. మా అటెండరు బీరువా తెరిచి పోయినేడు రికార్డుల దుమ్ము దులపడం మొదలెట్టాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఫిజిక్స్ మాస్టారు

తా.క.: ఉత్తరం ముట్టినట్టు రశీదు పంపండి. సంతకం చేసి తేదీ దగ్గర ఖాళీగా వదిలేయండి. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినప్పుడు మేం వేసుకుంటాం.