ఎక్కడిదాకా వచ్చావు?

మా అమ్మాయికి 14 ఏళ్లు. పోయిన సెలవుల్లో తను చదివేసి పక్కన పడేసిన మాయామంత్రాల నవల ఒకటి అడిగి తీసుకున్నాను. ఐదొందల పైచిలుకు పేజీలు. తెరవగానే మ్యాప్: నదులు, కొండలు, నోరు తిరగని ఊళ్ల పేర్లు. ఎవరు ఎవరికి ఏమవుతారో అంతుపట్టక మొదటి యాభై పేజీల్లోనే ఆ మ్యాప్ దగ్గరికి పదిసార్లు వెనక్కెళ్లాను. మూడో రోజు తనే వచ్చి అడిగింది.

"నాన్నా, ఎక్కడిదాకా వచ్చావు?"

"వంతెన దగ్గరికి."

"కూలిపోయే వంతెనా?" అనేసి నాలుక కరుచుకుంది.

"కూలిపోతుందా?"

"నేనేం అనలేదు!"

ఈ పిల్ల దగ్గర రెండు ముక్కలు రాబట్టాలంటే అంతకుముందు తలప్రాణం తోకకొచ్చేది. ఆ రోజు రాత్రి పదకొండు దాకా మాట్లాడుతూనే ఉంది.

పిల్లలకు చదవడం మీద ఇష్టం కలిగించాలని మనం వాళ్లకు పుస్తకాలు ఇస్తూ ఉంటాం. వాళ్ల దగ్గర మాత్రం ఎప్పుడూ అడిగి తీసుకోం. ఇచ్చేటప్పుడు కూడా ఊరికే ఇవ్వం కదా, వెనకాల ఒక పరీక్ష తగిలిస్తాం. నేనూ ఆ పని చేసినవాణ్ణే. రెండేళ్ల కిందట, కష్టమైన పదాల కింద గీతలు గీసి అర్థాలు రాయమన్నాను. నాలుగు పేజీలు బుద్ధిగా గీసింది, ఆ పుస్తకాన్ని మళ్లీ ముట్టుకోలేదు. తప్పు నాదేనని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

"ఆ మంత్రాలూ డ్రాగన్లూ ఎందుకు, పనికొచ్చేవి చదవచ్చుగా?" అని అడిగే పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. వాళ్లను నేను ఒకటే అడుగుతాను: మీ చిన్నప్పుడు చందమామ రాగానే ముందు ఏ పేజీ తిప్పేవారు? దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ... మాంత్రికులు, శిథిలమైన కోటలు, అడవిదారిన పడిన కుర్రాళ్లు. యంగ్ అడల్ట్ ఫాంటసీ (టీనేజీ పిల్లల కోసం రాసే మాయామంత్రాల కథలు) అన్న పేరు మనకు తెలియదు గానీ, నెలనెలా చదివింది అలాంటిదే. ఇంకా వెనక్కి వెళ్తే మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు. ప్రతి మజిలీలోనూ కథ చెబితేనే తోడు వస్తానని కాశీకి వెళ్తున్న మణిసిద్ధుడనే యతికి షరతు పెట్టిన గోపడు కూడా కుర్రాడే. నీతి చెప్పమనలేదు వాడు, కథ చెప్పమన్నాడు.

ఇప్పటి పిల్లలు చదివే పెర్సీ జాక్సన్ అనే కుర్రాడి ఇంగ్లీషు కథలు మొదలైంది కూడా ఇలాగే. గ్రీకు పురాణాలంటే చెవి కోసుకునే కొడుక్కి రాత్రిపూట వాటిని చెబుతూ, తెలిసినవన్నీ అయిపోయాక రచయిత రిక్ రయర్డన్ సొంతంగా కల్పించాడు. ఆ పిల్లాడికి చదవడం కష్టమయ్యే డిస్‌లెక్సియా ఉంది. కథలో పెర్సీకీ అదే ఇబ్బంది పెట్టాడు. మొదటి పుస్తకం 2005లో వచ్చింది.

నాకు వీటన్నిటిలో ఉర్సులా లె గ్విన్ ఎర్త్‌సీ అనే మంత్రగాళ్ల కథల వరసలో 1968లో వచ్చిన మొదటి పుస్తకమంటే ఎక్కువ ఇష్టం. మంత్రగాడంటే తెల్లగడ్డం ముసలాయనేనా, ఆయనా ఒకప్పుడు కుర్రాడే కదా, అప్పుడెలా ఉండేవాడు అన్న ఆలోచనతో మొదలైన కథ అది. అందులో గెడ్ అనే ఆ కుర్రాడు పొగరుకు పోయి చేసిన ఒక మంత్రం నుంచి ఒక నీడ బయటికొస్తుంది. ఆ తర్వాతంతా దానితోనే పోరాటం. పద్నాలుగేళ్ల వయసులో తన కోపమే తనకు అర్థంకాని పిల్లకు ఈ నీడ గురించి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, గెడ్ ఒంటి రంగు ఎరుపు కలిసిన చామనఛాయ. అట్టల మీద మాత్రం చాలా ఏళ్లు తెల్లవాడిగానే వేశారు, రచయిత్రి మొత్తుకున్నా సరే. మా అమ్మాయికి ఇది చెప్పగానే వెళ్లి తన అరలో పుస్తకాల అట్టలన్నీ వరసగా తిప్పి చూసుకుంది. ఏమీ అనలేదు.

అన్నీ బంగారమని నేననను. సాగదీతలున్నాయి, ఒకే అమ్మాయి కోసం ఇద్దరబ్బాయిల గొడవ ఉన్న పుస్తకాలు కొల్లలు. కొన్నిట్లో హింస, శృంగారం మోతాదు మించుతాయి కూడా. అందుకైనా మనం చదవాలి. చదవకుండా "వద్దు" అంటే వినరు, చదివి "నాకు నచ్చలేదు" అంటే వాదిస్తారు. ఒక సిరీస్ మూడో భాగం సోది అన్నందుకు నాకు అరగంట క్లాస్ పీకింది, పేజీ నంబర్లతో సహా. నా అభిప్రాయం మారలేదు గానీ, ఓడింది నేనే.

మన సంఘం సమావేశాల్లో పిల్లలకు వక్తృత్వం, పద్యాలు ఎలాగూ ఉన్నాయి. ఒక బల్ల వేసి, పిల్లలు తమకు నచ్చిన పుస్తకం అక్కడ పెడితే, పెద్దలు తలా ఒకటి తీసుకెళ్లి చదివి రావాలని పెడితే? వచ్చేసారి ప్రశ్నలు వేసేది పిల్లలు. తెల్లమొహం వేయాల్సి వస్తే వేద్దాం.

మా ఇంట్లో ఇప్పుడు మారకం నడుస్తోంది. మా అమ్మాయి తెలుగు గబగబా చదవలేదు కాబట్టి రాకాసిలోయ నేను చదివి వినిపిస్తున్నాను, సరిగ్గా మంచి పట్టులో ఆపేస్తున్నాను. దానికి ప్రతీకారంగా తన సిరీస్ రెండో భాగంలో ఒక పసుపు చీటీ అంటించి ఇచ్చింది: "212వ పేజీలో ఆగు. నేను పక్కన ఉన్నప్పుడే తిప్పు." నేను 190లో ఉన్నాను.