కాశీ వెళ్ళొచ్చిన వాళ్ళకి మార్కులేసే పెద్దలకి

ఇవాళ గంగపూజ చేసుకుని అమ్మ పులిహోర విస్తట్లో పెడుతోంది, సరిగ్గా అప్పుడే పెద్దన్నయ్య ఫోన్. స్పీకర్లో పెట్టాను, నా ఖర్మ. ప్రయాణం ఎలా జరిగింది, మోకాళ్ళెలా ఉన్నాయి, ఇవేం లేవు. మొదటి మాటే "వారాహి అమ్మవారిని చూశారా?" లేదన్నాను. "అయ్యో, కాశీ దాకా వెళ్ళి వారాహి చూడకుండా వచ్చేశారా! ఎన్ని నిద్రలు చేశారు?" నాలుగన్నాను. "తొమ్మిది చెయ్యాలి కదే, అదేం యాత్ర?" అప్పటిదాకా వెలిగిపోతున్న మా అమ్మ గరిటె పట్టుకుని అలా నిలబడిపోయింది, పరీక్ష తప్పిన పిల్లలాగా. 74 ఏళ్ళ మనిషండీ.

ఎప్పట్నుంచో అనుకుంటున్న కాశీ ఇది. పెళ్ళిలో మా నాన్న గొడుగు పట్టుకుని కాశీకి బయల్దేరితే మా మావయ్య బెల్లం ముక్క చేతిలో పెట్టి వెనక్కి తీసుకొచ్చాడట, ఆయన ఎంత బుద్ధిగా వెనక్కి వచ్చాడంటే పోయేదాకా మళ్ళీ కాశీ ఊసెత్తలేదు. నాయనమ్మ కాశీ నుంచి తెచ్చిన, గంగనీళ్ళు పోసి మాటేసిన రాగి చెంబు మాత్రం దేవుడి గూట్లో ఉండేది, దాన్ని తుడిచినప్పుడల్లా అమ్మ "నాకెప్పుడో" అనేది. అంతే, అంతకుమించి అడగడం ఆవిడకి రాదు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు ఒకటే అన్న రోజులు పోయి హైదరాబాద్ నుంచి విమానంలో రెండు గంటల్లో దిగుతున్నా కూడా ఆవిడకి వంతు రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.

వారాహి సంగతికొస్తే, ఆ అమ్మవారు భూగర్భంలో ఉంటుంది, తెల్లారగట్ల కాసేపే తలుపు తీస్తారు, నేలలో కన్నాల్లోంచి వంగి చూడాలి. వంగి! రెండు మోకాళ్ళూ అరిగిపోయిన మనిషిని ఆ సందుల్లో చీకట్లో నిలబెట్టి కన్నంలోకి వంగమనాలా నేను? అమ్మవారి మీద నాకేం లేదు, దణ్ణం పెట్టుకుంటాను. యూట్యూబ్ వాళ్ళ మీదే నా కోపం. ఫలానాది చూడకపోతే యాత్ర ఫలం సున్నా అని థంబ్‌నెయిల్ పెడతారు, మనవాళ్ళు చిత్రగుప్తుడి చిట్టా అనుకుని పట్టుకుంటారు. విశ్వనాథుణ్ణి, అన్నపూర్ణని, విశాలాక్షిని, కాలభైరవుణ్ణి చూసొచ్చాం, సరిపోలేదట.

ఫోన్లంటే గుర్తొచ్చింది. విశ్వనాథుడి గుళ్ళోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, చాలా మంచి పని. కానీ బయట కొట్టువాడు "అమ్మా రండి, లాకర్ ఫ్రీ" అని చక్కటి తెలుగులో పిలిచి, ఫోను లోపల పెట్టి తాళం వేశాక బుట్ట చేతికిచ్చాడు. నాలుగు పూలు, రెండు పేడాలు, ఇంత చెంబులో పాలు, ఐదొందలు! ఫోను వాడి దగ్గర, తాళం వాడి దగ్గర, ఇంక బేరమేంటి? అయినా దశాశ్వమేధ ఘాట్‌తో పోలిస్తే వాడే నయం. హారతికి గంటన్నర ముందెళ్ళి అమ్మని మెట్టు మీద కూర్చోబెట్టాను, తీరా హారతి మొదలవ్వగానే ముందున్న వాళ్ళందరూ లేచి ఫోన్లెత్తారు. మా అమ్మ గంగా హారతిని ఎవరో అబ్బాయి ఫోన్ స్క్రీన్లో చూసింది. అది ఇంట్లో సోఫాలో కూర్చుని కూడా చూడొచ్చు కదా!

కానీ మర్నాడు కేదార్ ఘాట్‌లో, ఆ ఎరుపూ తెలుపూ చారల మెట్ల దగ్గర, జనం ఇంకా పల్చగా ఉన్నప్పుడు మెల్లిగా దింపాను. మోకాళ్ళ లోతు నీళ్ళలో కూర్చుంది. నాన్న పేరు చెప్పి మూడు దోసిళ్ళు వదిలి, నాలుగో దోసిలి వదలకుండా పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి కారిపోతుంటే చూస్తూ కూర్చుంది. గంగ అక్కడ ఉత్తరానికి పారుతుందని చెప్తే "హిమాలయాల వైపా? అయితే పుట్టింటికి తిరిగిందన్నమాట" అంది. మా అమ్మ కాశీ ఇదీ. దీనికి ఎన్ని మార్కులేస్తావు అన్నయ్యా?

ఇక అసలు విషయం. 2023 ఏప్రిల్ 22న గంగా పుష్కరాలు మొదలయ్యాయి, తెలుగువాళ్ళు సగం మంది కాశీలోనే ఉన్నారా అన్నట్టుండేది. మా పెద్దన్నయ్యా వెళ్ళాడు, వదిన, పిల్లలు, సరే. అమ్మని తీసుకెళ్ళరా అంటే "ఎండలు, జనం, అమ్మ తట్టుకోలేదు" అన్నాడు. పోన్లే నిజమే అనుకున్నాం. తర్వాత ఫొటోల్లో చూస్తే పడవలో మధ్యలో కూర్చుని ఉంది వాళ్ళ అత్తగారు! ఆవిడకి ఎండ తగల్లేదు కాబోలు. మా అమ్మేమో ఆ పన్నెండు రోజులూ వాళ్ళింట్లోనే ఉండి మొక్కలకి నీళ్ళు పోసింది, పాలవాడికి లెక్క రాసింది. ఏళ్ళు గడిచినా, ఆ పడవ ఫొటో నాకు నిన్న చూసినట్టే ఉంది.

ఫోన్ పెట్టేశాక ఫ్యామిలీ గ్రూపులో ఇంకో మెసేజ్. కాశీలో వదలాల్సింది కాయా పండూ కాదట, కాయాపేక్ష, ఫలాపేక్ష అట. ఎవరు చెప్తున్నారో చూడండి, తను అక్కడ కాకరకాయ వదిలొచ్చాడు, పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ తినింది లేదు. అమ్మ జామపండు వదిలింది, ప్రాణం ఆవిడకి అదంటే. నేనేం వదిలానో అడక్కండి, ఏదో ఒకటి వదిలే ఉంటాను గానీ ఇవాళ పొద్దున్న మళ్ళీ పట్టేసుకున్నాను.

ఇంత జరిగాక మా అమ్మ ఏం చేసిందో తెలుసా. కాలభైరవుడి నల్లదారాలు కవర్లో పెట్టి నా చేతికిచ్చింది, అన్నయ్యకి, వదినకి, పిల్లలకి, విడిగా కాగితంలో చుట్టి వాళ్ళ అత్తగారికి ఒకటి. "ఇవాళే కొరియర్ చెయ్యి, పాపం మోకాళ్ళ నొప్పులట ఆవిడకి" అంది. కవరు టీవీ పక్కన పెట్టాను. రేపు చేస్తా. లేకపోతే ఎల్లుండి.