చిన్న గేరు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ చిన్న గేరు గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమం. వెనక బంపరు ఎడమ అంచు తప్ప బండి కూడా క్షేమమే. తమరి క్షేమం అడగనవసరం లేదు, రోజూ ఆఫీసుకు వెళ్తూ కళ్ళారా చూస్తూనే ఉన్నాను. పెద్ద గేరు పక్కన, ఇంజను బలం రెండు చక్రాలకా నాలుగింటికా అని తేల్చే చిన్న కడ్డీ రూపంలో, నల్లటి గుండు మీద టూ హెచ్, ఫోర్ హెచ్, ఎన్, ఫోర్ ఎల్ అనే నాలుగు బీజాక్షరాలు చెక్కించుకుని, పెళ్ళిలో ఎవరూ పలకరించని దూరపు బంధువులా బిగుసుకుని కూర్చుని ఉన్నారు. గుడిస కొండ మీద మన మధ్య జరిగిన దాని గురించి మీరు ఇంతవరకు పెదవి విప్పలేదు. అందుకు కృతజ్ఞతగానూ, ఇకముందు కూడా విప్పవద్దని వేడుకుంటూనూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మిమ్మల్ని ఇంటికి తెచ్చుకుని మూడేళ్ళు నిండాయి. మీరు లేని బండి అదే రంగులో, అదే ఎత్తులో, తక్కువ ధరకే దొరుకుతుందని షోరూములోని కుర్రవాడు నిజాయితీగానే చెప్పాడు. "హైదరాబాదులో దీంతో మీకు పనేముంటుంది సార్" అని కూడా అన్నాడు. సరిగ్గా ఆ మాట వినగానే మిమ్మల్ని తీసుకు తీరాలని నిశ్చయించుకున్నాను. వెనక రెండు చక్రాలతో బతుకు వెళ్ళదీసేవాడికీ, కావాలనుకున్న క్షణంలో నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందించగలిగినవాడికీ ఉండే అంతరం అరవై నెలసరి వాయిదాలకు తగినదే అనిపించింది.

ఈ మూడేళ్ళలో మీరు చేసిన సేవలను మరిచేంత కృతఘ్నుణ్ణి కాను. రైతుబజారు నుంచి వచ్చేటప్పుడు కొత్తిమీర నలగకుండా సంచిని మా ఆవిడ మీ మెడకే తగిలిస్తుంది. పాల ప్యాకెట్ల సంచీ, మందుల చీటీ, మా అబ్బాయి నీళ్ళ సీసా వంతులవారీగా మీ మీదే వేళ్ళాడాయి. మొన్న వానాకాలంలో మా వీధి చివర మోకాలిలోతు నీళ్ళు నిలిచిన రోజున మీకు పని పడిందని ఇరుగుపొరుగంతా బాల్కనీల్లోకి వచ్చి నిలబడ్డారు గాని, బండికి బురద అంటుతుందని నేను ఆ రోజు మెట్రోలో వెళ్ళాను.

అయినా మీ గురించి ఉపన్యసించడంలో ఏనాడూ లోటు చేయలేదు. పొడి తారురోడ్డు మీద మిమ్మల్ని నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హెచ్‌లో పెట్టకూడదని, అలా పెడితే ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరగవలసి వచ్చి, మలుపుల్లో ఒకదానితో ఒకటి పెనుగులాడి లోపలి గేర్లు బిగుసుకుపోతాయని, బురదలోనో ఇసుకలోనో అయితే చక్రాలు కాస్త జారి ఆ పెనుగులాటను విడిపించుకుంటాయని ఆఫీసులో భోజనాల బల్ల దగ్గర ఎంతమందికి బోధించానో లెక్కలేదు. కాబట్టి మిమ్మల్ని వాడకుండా ఉండటమే మిమ్మల్ని సక్రమంగా వాడటమన్న సిద్ధాంతాన్ని కూడా నేనే కనిపెట్టాను. విన్నవాళ్ళు తలలూపారు. మా ఆవిడ మాత్రం, "మరి కొన్నదెందుకు?" అని ఒకే ఒక్కసారి అడిగింది.

దానికి సమాధానం చెప్పడానికే రిపబ్లిక్ డే సెలవుల్లో మారేడుమిల్లి ప్రయాణం పెట్టాను. రాజమండ్రి, రంపచోడవరం దాటి ఘాట్ ఎక్కేదాకా మీతో పని పడలేదు. ఆ రాత్రి మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిని, పడుకోబోయే ముందు బండి సామాను ఒకసారి చూసుకున్నాను. లాగుడు తాడు ఇంకా కొన్ననాటి ప్లాస్టిక్ కవరులోనే ఉంది, మడత పారకు ధర చీటీ ఊడలేదు, టైర్లలో గాలి కొలిచే మీటరు వాడే పద్ధతి చెప్పే కాగితం మడత కూడా విప్పలేదు. ఏ యుద్ధానికైనా సిద్ధంగా ఉన్న సైన్యం నాది, ఒక్క యుద్ధమూ చేయనిది.

గుడిస అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. పుల్లంగి దాకా రోడ్డు రోడ్డులాగానే ఉంటుంది. ఆ తరువాతది బాట. కొండ నెత్తిన పచ్చిక మైదానం, కింద లోయలు, తెల్లవారుజామున ఆ లోయల నిండా తెల్లటి మేఘాల సముద్రం. చలికాలంలో జనం వచ్చేది దానికోసమే. నిజానికి అవి మేఘాలు కావు, లోయలో పుట్టే పొగమంచు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, చల్లబడి బరువెక్కిన గాలి వాలుల వెంట జారి లోయ అడుగుకు చేరుతుంది, అందులోని తేమ మంచు తుంపరగా మారుతుంది, పైనున్న వెచ్చటి గాలి దానికి మూత పెట్టి లేవనివ్వదు. ఎండ ఎక్కి నేల వేడెక్కితే ఆ మూతా పోతుంది, మంచూ పోతుంది. అంటే ఆ వేడుకకు ఒక సమయం ఉంది. అందుకే అక్కడి జీపుల వాళ్ళు మూడు గంటలకే జనాన్ని ఎక్కించుకుని బయలుదేరతారు. మనమూ మూడింటికే బయలుదేరాం, చెక్‌పోస్టులో రుసుము కట్టాం, చీకట్లో మన ముందు ఎర్రదీపాలు వంకర తిరుగుతూ పైకి పోతుంటే నా గుండె నిజంగానే ఉప్పొంగింది. మీ గుండు మీద చెయ్యి వేశాను. ఆ స్పర్శ మీకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ ఎల్‌లోకి మారాలంటే బండిని పూర్తిగా ఆపి, పెద్ద గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి, ఆ తరువాత మిమ్మల్ని కదపాలన్నది నేను వందసార్లు ఇతరులకు చెప్పిన పాఠం. రాళ్ళు తేలిన ఆ ఎక్కుడులో, వెనక నుంచి ఒక జీపు హారను కొడుతుండగా, బండి ఇంకా కదులుతూనే ఉండగా మిమ్మల్ని గుంజాను. గరగరమని మీరు చేసిన చప్పుడుకు వెనక సీటులో మా అబ్బాయి నిద్రలేచాడు. ఇంకొంచెం గుంజాను. మీరు ఎక్కడో కుదురుకున్నారు. క్లచ్ వదిలి యాక్సిలరేటరు తొక్కితే ఇంజను సింహంలా గర్జించింది, బండి మాత్రం నిదానంగా, మర్యాదగా, వెనక్కి నడిచింది. నేను బ్రేకు తొక్కేలోపు వెనక ఎడమ చక్రం గాడిలో దిగబడి, ముందు కుడి చక్రం ఆకాశానికి లేచింది. బంపరు అంచు పోయింది అప్పుడే.

మా అబ్బాయి ఫోనులో టైము చూసి అయిదుంబావు అని ప్రకటించాడు. హారను కొట్టిన జీపు డ్రైవరు దిగి వచ్చాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, మంకీ క్యాపు, కాళ్ళకు హవాయి చెప్పులు. కిటికీలోంచి సెల్‌ఫోను దీపం మీ మీద వేసి, "చిన్న గేరు మధ్యలో ఉండిపోయిందండి. అది న్యూట్రలండి" అన్నాడు. ఆ 'అండి'లో ఎగతాళి లేశమైనా లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది. మీ మీద ఎన్ అని ఒక అక్షరం ఉందని, అక్కడ ఉంటే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ ఇంజనుతో సంబంధమే తెగిపోతుందని, అప్పుడు నా నాలుగు చక్రాల బండి చక్రాలున్న బీరువాతో సమానమని నాకు తెలియదా? తెలుసు. భోజనాల బల్ల దగ్గర తెలుసు.

తరువాత మిమ్మల్ని సవ్యంగానే ఫోర్ ఎల్‌లో పెట్టాం. అయినా లాభం లేకపోయింది, ఎందుకంటే ఇరుసు మధ్యనుండి రెండు పక్కల చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్ అనే ధర్మప్రభువు ఎప్పుడూ కష్టం లేని చక్రం వైపే మొగ్గుతాడు. గాలిలో ఉన్న ముందు చక్రం హాయిగా గిరగిరా తిరిగింది, గాడిలో దిగబడ్డ వెనక చక్రం మట్టిలో జారుతూ తిరిగింది, గట్టి నేల మీద ఉన్న రెండూ చూస్తూ కూర్చున్నాయి. అన్నట్టు, నేను పడ్డ ఆ గాడిని తవ్వింది ఎవరనుకున్నారు? మీ జాతివారే. చక్రం జారినప్పుడల్లా మట్టి లేస్తుంది, లేచిన మట్టి వానకు కొట్టుకుపోతుంది, చార గాడి అవుతుంది, గాడి కాలువ అవుతుంది, అప్పుడు ఆ బాట ఎక్కాలంటే మీరు తప్పనిసరి అవుతారు. తన అవసరాన్ని తానే తయారు చేసుకునే ఈ విద్యను మా ఆఫీసులో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు.

ఆ కుర్రవాడు తన ప్రయాణికులను కొండమీద దించి మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. మనం ఎదురుచూశాం. తెల్లవారింది. మీరూ నేనూ ఏ సూర్యోదయం కోసం అయిదు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేశామో, ఆ సూర్యోదయం ఒక మట్టిగోడకు అవతల జరిగిపోయింది. ఆ వెలుగులో ఇద్దరు కొండరెడ్డి స్త్రీలు తలల మీద కొండచీపుళ్ళ మోపులతో పై నుంచి దిగి వచ్చారు. చీపురు పూలు బూడిదరంగులో వాళ్ళ మొహాల మీదికి వంగి ఊగుతున్నాయి, పాదాలు రాళ్ళను చూడకుండానే రాళ్ళ మధ్య సందులను వెతుక్కుంటున్నాయి. నేను ఏ గేరులో ఎక్కాలో తేల్చుకోలేకపోయిన చోటును వాళ్ళు మాట ఆపకుండానే దాటారు. పెద్దావిడ మాత్రం బండి దగ్గర ఒక క్షణం ఆగి, పైకి లేచిన చక్రాన్ని చూసి, "బండి అలిసిపోయిందా బాబూ?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేమనగలను?

ఎనిమిదింటికి జీపు వచ్చింది. తయారీ ఎప్పుడో ఆగిపోయిన కమాండర్ జీపు. తాడు కట్టేటప్పుడు లోపలికి తొంగి చూశాను. తమరు ఉండవలసిన చోట ఒక చిల్లు, దాంట్లో కుక్కిన పాత తువ్వాలు ఉన్నాయి. విరిగిపోయి చాలాకాలమైందట, అవసరం పడలేదట. నా తాడు కవరు చింపడానికి పట్టిన సమయం కంటే తక్కువలో బండి బయటపడింది.

డబ్బు ఇవ్వబోతూ, పెద్దమనిషి తరహాలో, ఈ బాట వానాకాలంలో ఇంకెంత బాగుంటుందో అన్నాను. వానాకాలం బండ్లు రావన్నాడు. మరి జబ్బు చేస్తే ఎలాగన్నాను. "డోలీ కడతామండి, 108 ఆగే కాడికి మోసుకెళ్తాం" అన్నాడు, మధ్యాహ్నం ఏం వండుకుంటారని అడిగితే చెప్పినట్టుగా. కర్రకు దుప్పటి కట్టి, అందులో నిండుచూలాలిని కూర్చోబెట్టి, ఇద్దరు మగవాళ్ళు కొండ దిగడం మీకు తెలియని డ్రైవింగు. దానిలో ఫోర్ ఎల్ ఉండదు.

మా బండ్ల యజమానుల వాట్సాప్ బృందంలో నెలకోసారైనా ఒకరు, గుడిసకు తారురోడ్డు వేసి పాడుచేస్తారేమోనని కన్నీరు పెడతారు. నేనూ దానికి ఏడుపు బొమ్మలు జతచేసినవాణ్ణే. రోడ్డు కావాలని మన్యం ఊళ్ళవాళ్ళు అర్జీలు పెట్టుకుంటారు, వద్దని మేము బొమ్మలు పెట్టుకుంటాం. ఈ మన్యంలో బాటకూ కడుపుమంటకూ పాత చుట్టరికమే ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఘాట్‌రోడ్డు పనికి కొండవాళ్ళను తోలుకుపోయి కూలి ఎగ్గొట్టడం, 1882 నాటి అడవి చట్టం పోడును అడ్డుకోవడం కలిసి ముదిరి, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడితో బయటపడ్డాయి. అప్పుడు రోడ్డు తెల్లదొరకు కావలసి వచ్చింది కాబట్టి వేయించాడు. ఇప్పుడు రోడ్డు లేకపోవడం నాలాంటి దొరకు కావలసి వచ్చింది, దానికి నేను చెక్‌పోస్టులో టిక్కెట్టు కొన్నాను.

మనం కొండ నెత్తికి చేరేసరికి తొమ్మిది కావస్తోంది. ఫోటోల జనం దిగిపోతున్నారు. "అయిపోయింది బ్రదర్, ఏమీ లేదు" అని ఒకాయన కిటికీలోంచి సానుభూతి తెలిపాడు. పచ్చిక మీద బండ్లు చుట్టూ తిరిగిన చారలు బోడిగా, గట్టిగా, ఎర్రగా కనిపించాయి. నేను ఆ గడ్డి మీదికి బండి ఎక్కించలేదు, సద్బుద్ధితో కాదు, మిమ్మల్ని మళ్ళీ ముట్టుకోవడానికి చెయ్యి రాక. అంచు దాకా నడిచి వెళ్ళి చూశాను. మేఘాల సముద్రం నిజంగానే లేదు. దాని అడుగున ఉండేది ఉంది: లోయ. వాలు మీద పోడు కాలిన నల్లటి నేల చెక్క ఒకటి, దాని పక్కన జీలుగు చెట్లు, తాటాకో రేకో తెలియని రెండు కప్పులు, ఒక కప్పు మీంచి పొగ, ఆ కప్పుల నుంచి మొదలై కొండ చుట్టూ దారంలా తిరిగి మన బాటలో కలిసే కాలిదారి. ఆ కాలిదారి మీద ఎవరో ఏదో మోసుకుంటూ ఎక్కుతున్నారు. చాలాసేపు చూశాను. ఎంత ఎక్కినా వాళ్ళు నా చూపుడు వేలి గోరంత మేర కూడా కదిలినట్టు కనిపించలేదు. ఫోటో తీస్తే ఏమీ పడలేదు.

న్యాయం మాట్లాడుకుంటే, దిగేటప్పుడు మాత్రం మీరు మీ పరువు దక్కించుకున్నారు. ఆపి, న్యూట్రల్ చేసి, ఫోర్ ఎల్, మొదటి గేరు. బ్రేకు మీంచి కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టుకుని, చిన్నపిల్లవాడిని మెట్లు దింపినట్టు ఒక్కొక్క రాయీ దింపింది. నన్ను ఏమీ చేయనివ్వకపోవడమే మీ అసలు ప్రతిభ అని అప్పుడు అర్థమైంది.

ఇక నా విన్నపం. వచ్చే ఆదివారం నాడు మా బావమరిది బండి చూడటానికి వస్తున్నాడు. అతనికి గుడిస కథ నేను చెప్పుకుంటాను, అందులో సూర్యోదయం ఉంటుంది. మీరు ఎన్ అనే అక్షరం మీద ఒక కొత్తిమీర సంచి కప్పుకుని ఊరుకుంటే చాలు.

ఇట్లు,
ఇరవై నాలుగు వాయిదాలు మిగిలి ఉన్న
మీ యజమాని

తా.క.: బండికి అంటిన గుడిస బురదను సాక్ష్యంగా పన్నెండు రోజులు కడగకుండా ఉంచాను. పదమూడో రోజున మా ఆవిడ ఇల్లు ఊడవడానికి కొత్త కొండచీపురు కొనుక్కొచ్చి, దానితోనే ముందు బండిని దులిపింది.