జేసీబీ అద్దెదైనా బాధ్యత కాంట్రాక్టర్‌దే

పోయిన వేసవిలో మా కాలనీలో డ్రైనేజీ లైన్ కోసం రోడ్డు తవ్వారు. రాత్రి తొమ్మిదిన్నరకి జేసీబీ వచ్చింది. గంట లెక్కన అద్దెకు తెచ్చిన బండి. డ్రైవర్ కుర్రాడు ఆ వీధి చూడటం అదే మొదటిసారి. తవ్వుతుంటే కాసేపటికి బకెట్ పళ్లకు చుట్టుకుని పసుపు రంగు ప్లాస్టిక్ టేపు పైకొచ్చింది. కింద లైన్ ఉందని చెప్పే హెచ్చరిక టేపు అది. కుర్రాడు ఇంజిన్ ఆపి, దిగి, కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు. "ఏం కాదు, కానివ్వు. ఊరికే నిలబడితే ఇంకో గంట అద్దె మీద పడుతుంది" అన్న మాట స్పీకర్‌లో మాకూ వినిపించింది. పావుగంటలో కేబుల్ తెగింది. రాత్రంతా నాలుగు వీధులకు కరెంటు లేదు. అందరూ కలిసి తిట్టింది మాత్రం ఆ డ్రైవర్‌ని.

ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. బండి కండిషన్, డ్రైవర్ లైసెన్సు, బండి ఇన్సూరెన్సు చూసుకోవాల్సింది జేసీబీ ఓనరే, అందులో వాదన లేదు. కానీ భూమిలో ఏముందో అతనికెలా తెలుస్తుంది? వర్క్ ఆర్డర్, తవ్వకానికి అనుమతి కాంట్రాక్టర్ చేతిలో ఉంటాయి. కరెంటు, నీళ్లు, గ్యాస్, ఇంటర్నెట్ ఫైబర్ వాళ్లను ముందుగా అడిగి తెలుసుకునే వీలున్నదీ అతనికే.

అడగడం ఇప్పుడు పెద్ద పని కూడా కాదు. 2023 మార్చి 22న ప్రధాని 'కాల్ బిఫోర్ యు డిగ్' యాప్‌ను ప్రారంభించారు. ఎక్కడ తవ్వుతున్నామో అందులో నమోదు చేస్తే, అక్కడ లైన్లున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. దేశంలో ఏటా సుమారు 10 లక్షల సార్లు ఫైబర్ కేబుళ్లు తెగి, 3,000 కోట్ల రూపాయల నష్టం జరుగుతోందని అప్పట్లో ప్రభుత్వమే చెప్పింది. 2023 టెలికాం చట్టం ప్రకారం టెలికాం నెట్‌వర్క్‌కు నష్టం కలిగించినవారికి 50 లక్షల రూపాయల దాకా పెనాల్టీ పడొచ్చు. కాంట్రాక్టర్లు తీసుకునే ఆల్ రిస్క్ ఇన్సూరెన్సు పాలసీల్లో కూడా, తవ్వే ముందు లైన్లు ఎక్కడున్నాయో విచారించకపోతే భూగర్భ కేబుళ్ల నష్టానికి క్లెయిమ్ చెల్లించబోమనే షరతు మామూలే. పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లు ఆ పేజీ ఒకసారి చదవాలి.

అయితే యాప్ ఒక్కటే చాలదు. పాత లైన్లకు సరైన డ్రాయింగులు ఉండవు. 11 కేవీ కేబుల్ కనీసం 90 సెంటీమీటర్ల లోతున ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 చెబుతుంది. రోడ్డును ఒకసారి చెక్కి, ఇంకోసారి ఎత్తు పెంచాక ఆ లెక్కకు విలువేముంది? అందుకే మెషిన్ దిగే ముందు కింద ఏముందో చూడటానికి చేత్తో ట్రయల్ గుంతలు తీయాలి. అదీ గడ్డపారతో పొడిచి కాదు, పారతో మెల్లగా. లైన్ కనబడ్డ చోట నేల మీద రంగుతో గీత గీసి, డ్రైవర్‌ని నడిపించి చూపించాలి. బకెట్ వైపు చూస్తూ నిలబడటానికే ఒక మనిషిని పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు మారాల్సింది అద్దె మాట్లాడుకునే పద్ధతి. హెచ్చరిక టేపో, కేబుల్ పైన వరుసగా పేర్చిన ఇటుకలో కనబడి డ్రైవర్ బండి ఆపితే, ఆ ఆగిన సమయానికీ అద్దె ఇస్తామని ముందే కాగితం మీద రాయాలి. గంట టెన్షన్ నెత్తిన ఉన్నంతకాలం ఏ డ్రైవరూ బండి ఆపడు.

ఇంకో ప్రమాదం ఎవరికీ కనబడదు. బకెట్ తగిలి కేబుల్ పైతొడుగు గీరుకుపోతే, కరెంటు పోలేదు కదా అని మట్టి కప్పేస్తారు. ఆ గీత నుంచి తేమ చేరి, నెలల తర్వాత ఎప్పుడో లైన్ కాలిపోతుంది. గ్యాస్ పైపు విషయంలో ఇలా చేయడం మరీ ఘోరం. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో చాలా వీధుల కింద పైపుల్లో ఇళ్లకు గ్యాస్ వెళ్తోంది. దెబ్బ తగిలితే ఇంజిన్ ఆపి, జనాన్ని దూరం పంపి, గ్యాస్ సంస్థకు చెప్పాలే తప్ప మట్టితో పూడ్చకూడదు. అదే కరెంటు కేబుల్‌కి తగిలితే, మంటలు లేనంతవరకు డ్రైవర్ క్యాబిన్‌లోనే ఉండాలి, కిందివాళ్లు బండిని ముట్టుకోకూడదు. ఈ రెండు ముక్కలు పని మొదలుకాకముందే డ్రైవర్‌కి చెప్పేవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మా వీధిలో తెగిన కేబుల్‌కి మర్నాడు మధ్యాహ్నం జాయింట్ వేసి గుంత పూడ్చారు. జాయింట్ ఎక్కడుందో చెప్పే రాయి పాతలేదు, కొత్త టేపు కూడా పరచలేదు. మంచినీటి లైన్ కోసం మళ్లీ అదే వైపు తవ్వుతారని ఇప్పుడు అంటున్నారు.