ఐదు వేల డాలర్లు లేకపోతే వెయ్యి గజాల జోలికి వెళ్లొద్దా?

నెల రోజులుగా టెక్సస్‌లోని మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పొడుగాటి మెసేజ్ తిరుగుతోంది. ఎవరు రాశారో తెలియదు కానీ నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. వెయ్యి గజాల టార్గెట్ షూటింగ్‌లోకి దిగాలంటే కనీసం ఐదు వేల డాలర్లు పెట్టాలట. వెయ్యి డాలర్ల లోపు దొరికే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ఒక్కో గుండుకీ చేత్తో బోల్ట్ లాగి కొట్టేది) జింకల వేటకి తప్ప ఎందుకూ పనికిరాదట. తూటా మ్యాగ్నమ్ (మందు ఎక్కువ పట్టే రకం) అయి ఉండాలి, బ్యారెల్ 26 అంగుళాలకి తగ్గకూడదు, స్కోప్ 25 రెట్లు పెద్దది చేసి చూపించాలి. మూడు గుళ్లు ఒకే కన్నంలో పడ్డ ఫొటో లేని రైఫిల్‌ని అసలు ముట్టుకోవద్దు. చివర్లో వీసా గురించి కూడా ఒక లైన్ ఉంది, దాని సంగతి ఆఖర్న చెప్తాను.

నేనేమీ చాంపియన్ని కాదు. శనివారం పొద్దున్నే ఫ్లాస్కులో కాఫీ పోసుకుని గంటన్నర కారు నడిపి రేంజ్‌కి వెళ్లే మామూలు ఐటీ ఉద్యోగిని. కాకపోతే ఇలాంటి సలహాలే విని మొదట్లో డబ్బు తగలేసుకున్నవాణ్ణి. అందుకే ఇది రాస్తున్నాను.

"వెయ్యి డాలర్ల లోపు రైఫిల్ వెయ్యి గజాలు కొట్టలేదు"

ముందు లెక్క చూద్దాం. రైఫిల్ గుళ్లు ఎంత దగ్గరగా గుంపుగా పడతాయన్నది ఎంఓఏ అనే కోణం కొలతలో చెప్తారు. ఒక ఎంఓఏ అంటే వంద గజాల దగ్గర అంగుళం పైచిలుకు, వెయ్యి గజాల దగ్గర పదిన్నర అంగుళాలు. ఇవాళ షాపుల్లో ఆరేడు వందల డాలర్లకి దొరికే రైఫిళ్లు చాలావరకు, మంచి మ్యాచ్ తూటాలు (పోటీల కోసం చేసినవి) వేస్తే, ఒక ఎంఓఏకి అటూ ఇటూగా ఉండే గుంపు కొడతాయి. మూడు వేల డాలర్ల రైఫిల్ అందులో సగానికి కొడుతుందనుకుందాం. మేం కొట్టే ఇనుప పలక 20 అంగుళాలు. చవక రైఫిల్ గుళ్లు నడిమధ్య నుంచి ఐదు అంగుళాల లోపు పడతాయి, ఖరీదైనదానివి రెండున్నర లోపు పడతాయి. గురి సరిగ్గా ఉంటే రెండూ పలక మీదే.

ఇప్పుడు గాలి సంగతి. 6.5 క్రీడ్‌మోర్ అనే తూటాలో 140 గ్రెయిన్ల (బుల్లెట్ బరువుని ఇలా చెప్తారు) మ్యాచ్ బుల్లెట్ వేశామనుకోండి. పక్క నుంచి గంటకి 10 మైళ్ల వేగంతో వీచే గాలి వెయ్యి గజాలు చేరేసరికి దాన్ని 70 అంగుళాల దాకా నెట్టేస్తుంది. అంటే గాలి అంచనాలో ఒక మైలు తప్పితే గుండు ఏడు అంగుళాలు జరుగుతుంది. గాలి ఎనిమిది మైళ్లు అనుకున్నాను, నిజంగా పది ఉంది. గుండు 14 అంగుళాలు పక్కకి పోయింది, పలక అంచు దాటేసింది. ఆ రోజు నా చేతిలో మూడు వేల డాలర్ల రైఫిల్ ఉన్నా గుండు మట్టిలోనే దిగేది. గడ్డి ఎటు వాలింది, ఎండలో మరీచిక ఎటు పాకుతోంది, మధ్యలో ఉన్న వాగు దగ్గర గాలి తిరగబడుతోందా అన్నది చూడటం రావాలంటే గుళ్లు ఖర్చవ్వాలి. మెసేజ్ రాసిన పెద్దమనిషి తూటాల ఖర్చు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

చవక రైఫిళ్లు ఇంత బాగా ఎలా కొడుతున్నాయని కొందరికి అనుమానం. ఇందులో మాయేం లేదు. సావేజ్ కంపెనీ 1958లో 110 మోడల్ తెచ్చినప్పుడే బ్యారెల్‌ని ఒక నట్టుతో బిగించే పద్ధతి పెట్టింది. తూటా కూర్చునే చోట కొలత తేడా రాకుండా, చెయ్యి తిరిగిన పనివాడు గంటలు గంటలు అరగదీయక్కర్లేకుండా, నట్టు తిప్పి సరిచేసుకోవచ్చు. 2000ల మొదట్లో అదే కంపెనీ ఆక్యూట్రిగ్గర్ తెచ్చింది. కొన్నవాడే తేలిగ్గా సర్దుకోగల ట్రిగ్గర్ అది. ఆ తర్వాత పోటీ కంపెనీలు కూడా చవక మోడళ్లలో మంచి ట్రిగ్గర్ పెట్టక తప్పలేదు. దానికి తోడు కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు వచ్చాయి. రూగర్ కంపెనీ అమెరికన్ అనే రైఫిల్ ఇలా పుట్టిందే. జపాన్ హోవా కంపెనీ 1500 మోడల్ యాక్షన్‌నే (బోల్ట్ నడిచే యంత్రభాగం) వెదర్‌బీ కంపెనీ వ్యాన్‌గార్డ్ అనే పేరుతో అమ్ముతూ వచ్చింది. ఇంకాస్త డబ్బు పెట్టగలిగితే ఫిన్లాండ్‌లో సాకో వాళ్లు చేసే టిక్కా టీ3ఎక్స్ ఉంది. దాని బోల్ట్ వెనక్కి లాగితే వెన్నలా జారుతుంది.

అయితే మెసేజ్‌లో కాస్తంత నిజం కూడా ఉంది. దాన్ని దాచడం నాకిష్టం లేదు. చవక రైఫిళ్లలో పిసినారితనం కనిపించేది బ్యారెల్‌లో కాదు, బ్యారెల్‌ని మోస్తూ భుజానికి ఆనే ప్లాస్టిక్ స్టాక్‌లో. నా దగ్గర ఉన్న ఒక రైఫిల్ (పేరు చెప్పను) వంద గజాల దగ్గర ఇసుక సంచి మీద పెట్టి కొడితే చక్కగా కొట్టేది. ముందు బైపాడ్ (రెండు కాళ్ల స్టాండు) తగిలించి, భుజంతో ముందుకి తోసి కొడితే మాత్రం గుళ్లన్నీ కుడి పక్కకి, రెండు అంగుళాలు దూరంగా పడేవి. రెండు వారాలు స్కోప్‌ని తిట్టుకున్నాను. మా రేంజ్‌లో ఒక ముసలాయన వచ్చి డాలర్ నోటు తీసి, బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య దూర్చి వెనక్కి లాగాడు. నోటు సాఫీగా జారింది. "ఇప్పుడు బైపాడ్ మీద నీ బరువు వెయ్యి" అన్నాడు. వేశాను. నోటు అక్కడే ఇరుక్కుపోయింది. స్టాక్ ముందు భాగం వంగి బ్యారెల్‌ని తాకుతోందన్నమాట. రైఫిల్ కొనేముందు షాపులోనే స్టాక్ కొసని, బ్యారెల్‌ని కలిపి పిడికిట్లో పట్టి నొక్కి చూడండి. వేళ్లతో నొక్కితేనే కలిసిపోతుంటే గట్టి స్టాక్‌తో వచ్చే మోడల్ చూసుకోవడం మంచిది. బెర్గారా బీ-14 హెచ్ఎంఆర్ లాంటివాటిలో స్టాక్ లోపల అల్యూమినియం చట్రం ఉంటుంది. ధర వెయ్యి దాటుతుంది కానీ ఐదు వేలకి చాలా దూరం.

"మ్యాగ్నమ్ లేకపోతే గుండు వెయ్యి గజాలు చేరదు"

నేను మోసపోయింది ఇక్కడే. మొదటి రైఫిల్ .300 విన్ మ్యాగ్ అనే మ్యాగ్నమ్ తూటాది కొన్నాను. దూరం ఎక్కువ కాబట్టి మందు ఎక్కువ ఉండాలి కదా అనుకున్నాను, దీపావళి టపాకాయల లెక్కన. భుజం కమిలిపోయింది. అది ఓర్చుకోవచ్చు. అసలు చిక్కు వేరే. గుండు వెయ్యి గజాలు చేరడానికి దాదాపు ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ ఒకటిన్నర సెకనూ స్కోప్‌లో పలకని చూస్తూ ఉండగలిగితే గుండు ఎక్కడ పడిందో, దుమ్ము ఎటు లేచిందో కనపడుతుంది. దాన్ని బట్టి రెండో గుండు సరిదిద్దుకుంటాం. మ్యాగ్నమ్ తన్నిన తన్నుకి స్కోప్ ఆకాశం చూపించేది. మళ్లీ పలక దొరికేసరికి దుమ్ము అణిగిపోయేది. ఎందుకు తప్పిందో తెలియకుండానే పెట్టె ఖాళీ అయ్యేది. పైగా నాలుగో గుండు నుంచి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుపోతున్నాయని పక్కవాళ్లు చెప్తే గానీ నాకు తెలియలేదు.

6.5 క్రీడ్‌మోర్ 2007లో హార్నడీ తెచ్చిన తూటా, అదీ టార్గెట్ పోటీల కోసమే. తన్ను మ్యాగ్నమ్‌లో సగమే. బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉండటంతో గాలిని బాగా చీల్చుకుపోతుంది. వెయ్యి గజాల దగ్గర కూడా ధ్వని వేగానికి పైనే ఉంటుంది. 1952 నాటి .308 విన్చెస్టర్‌తో కూడా వెయ్యి గజాలు కొట్టొచ్చు, ఎఫ్-టీఆర్ అనే పోటీ విభాగంలో .308, .223 తప్ప వేరేవి వాడనివ్వరు. కాకపోతే .308కి గాలి దెబ్బ ఎక్కువ, అదే 10 మైళ్ల గాలికి వంద అంగుళాల దాకా పోతుంది. అందులోనూ 168 గ్రెయిన్ల బుల్లెట్ వెయ్యి గజాలు చేరేలోపు ధ్వని వేగానికి పడిపోయి తడబడుతుంది, 175 వాడాలి. బ్యారెల్ ఎన్నాళ్లు వస్తుందన్నది కూడా చూసుకోండి. .308 బ్యారెల్ ఐదు వేల గుళ్లు తేలిగ్గా లాగుతుంది, క్రీడ్‌మోర్ రెండు మూడు వేలు లాగుతుంది, మ్యాగ్నమ్ అంతకంటే ముందే అరిగిపోతుంది. కొత్తగా దిగేవాళ్లకి నా ఓటు క్రీడ్‌మోర్‌కే.

"బ్యారెల్ 26 అంగుళాలు ఉండి తీరాలి"

రెండు అంగుళాలు తగ్గితే బుల్లెట్ వేగం సెకనుకి ఓ యాభై అడుగులు తగ్గుతుంది. దానివల్ల వెయ్యి గజాల దగ్గర గుండు ఇంకో అడుగు కిందకి దిగుతుంది. మామూలుగానే అది పాతిక అడుగుల దాకా దిగుతుంది కాబట్టి, గురిని పైకీ కిందకీ జరిపే స్కోప్ చక్రం ఇంకో మూడు నాలుగు నొక్కులు తిప్పుకుంటే సరిపోయె. చూడాల్సింది పొడుగు కాదు, లావు. వేట కోసం చేసిన సన్న బ్యారెల్ ఐదారు గుళ్లకే వేడెక్కి గుళ్లని చెదరగొడుతుంది. రేంజ్‌లో వరసగా పది కొట్టాలంటే కాస్త లావు బ్యారెల్ ఉన్న మోడల్ తీసుకోండి. అంతే.

"మూడు గుళ్లు ఒకే కన్నంలో పడాలి"

ఆ ఫొటోలు చూసి నేనూ లొట్టలేసేవాణ్ణి. మూడు గుళ్ల గుంపు అదృష్టం మీద ఆధారపడే వ్యవహారం. అదే రైఫిల్‌తో, అదే మనిషి పది గుళ్లు కొడితే గుంపు సగటున ఒకటిన్నర రెట్లకి పైగా పెద్దదవుతుంది. ఇది లెక్కల్లో తేలే సంగతి, రైఫిల్ లోపం కాదు. పది సార్లు మూడేసి గుళ్లు కొట్టి, అన్నింట్లోకి చిన్న గుంపుకి ఫొటో తీసిపెడితే ఎవరి రైఫిలైనా అద్భుతమే. పెళ్లిచూపులకి పంపే ఫొటో ఒకటి ఉంటుంది చూడండి, అలాంటిదన్నమాట. అమ్మేవాణ్ణి పది గుళ్ల టార్గెట్ అడగండి, ఎంతమంది చూపిస్తారో మీకే తెలుస్తుంది.

"స్కోప్ 25 రెట్లు ఉండాలి"

పది రెట్లు చూపించే స్కోప్‌తో కూడా వెయ్యి గజాల పలక హాయిగా కొట్టొచ్చు. టెక్సస్ జులై మధ్యాహ్నం 25 రెట్లు పెట్టి చూస్తే కనపడేది టార్గెట్ కాదు, పొయ్యి మీద సెగ. స్కోప్ ఎంత పెద్దగా చూపిస్తుందన్నది తర్వాత. చక్రం తిప్పినంత కచ్చితంగా అది కదులుతోందా అన్నది ముందు.

దాన్ని ఇంటి దగ్గర తయారీతో, రేంజ్‌లో పావుగంటలో తేల్చుకోవచ్చు. పొడుగాటి అట్ట మీద మట్టం పెట్టి నిలువుగీత గీయండి. కింద ఒక చుక్క పెట్టి, దానికి సరిగ్గా 28.8 అంగుళాల పైన ఇంకో చుక్క పెట్టండి. వంద గజాల దగ్గర నిలబెట్టండి. స్కోప్ చక్రాలు తిరిగే కొలత మిల్, ఎంఓఏ లాంటిదే ఇంకో కోణం కొలత. ఆ దూరంలో ఒక మిల్ అంటే 3.6 అంగుళాలు, కాబట్టి ఎనిమిది మిల్‌లు తిప్పితే 28.8 అంగుళాలు. కింది చుక్కకే గురిపెట్టి, చక్రం ఎనిమిది మిల్‌లు పైకి తిప్పి మూడు గుళ్లు కొట్టండి. అవి పై చుక్క చుట్టూ పడాలి. కిందా మీదా అయితే ఎంత తేడానో చీటీ మీద రాసి స్టాక్‌కి అంటించుకోండి. గుళ్లు గీత వదిలి పక్కకి పోతే స్కోప్‌ని వంకరగా బిగించారు, విప్పి మళ్లీ బిగించండి. తేడా ఒక్కోసారి ఒక్కోలా వస్తే ఆ స్కోప్ తిరిగిచ్చేయండి. ఐదారు వందల డాలర్ల స్కోప్‌లలో ఈ పరీక్ష నెగ్గేవి ఇప్పుడు చాలానే ఉన్నాయి. స్కోప్‌లో కనపడే గీతలూ చక్రమూ రెండూ మిల్‌లలోనే ఉన్నవి చూసి కొనండి.

ఇక ఐదు వేలే పెట్టాలనుకునేవాళ్లు ఇలా చెయ్యొచ్చు: రైఫిల్‌కి ఎనిమిది వందల నుంచి వెయ్యి, స్కోప్‌కి ఐదారు వందలు, బైపాడ్, స్కోప్ బిగించే రింగులు, స్టాక్ వెనక కింద పెట్టే సంచి కలిపి ఇంకో మూడొందలు. మిగిలిందంతా తూటాలకి, పెట్రోలుకి. ఇరవై మ్యాచ్ తూటాల పెట్టె ముప్ఫై, నలభై డాలర్లు అవుతుంది కాబట్టి అది కూడా త్వరగానే కరిగిపోతుంది. అందుకే నేను మూడు వారాలకి రెండు వారాలు .22 రైఫిల్‌తోనే గడుపుతాను. రెండు వందల గజాల దగ్గర ఆ చిట్టి గుండుని గాలి ఆడించే తీరు చూస్తే వెయ్యి గజాల పాఠం చవగ్గా వచ్చేస్తుంది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. ఆ టార్గెట్ మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. దూరం తక్కువైతే పని సులువు అనుకునేవాళ్లు ఒకసారి అది ప్రయత్నించి చూడాలి.

"హెచ్-1బీ మీద ఉన్నా పర్లేదు, సిటిజన్ ఫ్రెండ్ చేత కొనిపించుకోండి"

మిగతావన్నీ డబ్బు పోయే సలహాలు, ఇది మనిషి పోయే సలహా. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. కొనడం ఒక్కటే కాదు, చేతిలో ఉండటమే నేరం, కాబట్టి రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అదే చట్టం వర్తిస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉండటం వాటిలో ఒకటి. అది మీకు వర్తిస్తుందో లేదో లాయర్‌ని అడగండి, వాట్సాప్‌ని కాదు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ అడ్డంకి లేదు.

చట్టం కొనకూడదన్నవాడి కోసం ఇంకొకరు తన పేరు మీద కొనిపెట్టడం వేరే నేరం. 2022లో వచ్చిన చట్టం ప్రకారం దానికి పదిహేనేళ్ల దాకా జైలు. కొనిపెట్టిన ఫ్రెండ్ సిటిజన్ అయినా శిక్ష తప్పదు, మీకు వీసా కూడా పోతుంది. ఆ మెసేజ్ ఇంకెవరికైనా పంపాలనిపిస్తే, కనీసం ఆ ఒక్క లైన్ చెరిపేసి పంపండి.